శిబిరము ముగిసిన పిదప
(చేజర్లలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



కళాశాల విద్యార్థులు సేవా శిబిరములకై గ్రామములకు వచ్చుట మనకు క్రొత్త కాదు. ఏడు దినములుందురు. వీధులు శుభ్రపరతురు, మొక్కలు నాటుదురు, ఇంటింటికి తిరిగి ఆరోగ్య విషయములు చెప్పుదురు. కడపటి దినమున సభ జరుగును, సర్పంచికి శాలువ కప్పుదురు. పిదప నివేదిక విశ్వవిద్యాలయమునకు పోవును. అందేమున్నదో మనలో నెందరము చదివితిమి?

జాతీయ సేవా పథకము గాంధీజీ శతజయంతి సంవత్సరమగు 1969లో 37 విశ్వవిద్యాలయములలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. 2008లో నెల్లూరున నెలకొనిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయపు కళాశాలలలోను నడచుచున్నది. స్వయంసేవకుడు రెండేండ్లలో 240 గంటలు పనిచేయవలెను. గంటలను కళాశాల లెక్కింపగలదు. అవి ఊరికేమి మిగిల్చినవో ఊరివారే చెప్పగలరు.

మొక్కల సంగతియే చూడుడు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో వానకు నాటిన మొక్కకు అసలు పరీక్ష వైశాఖపు ఎండ. నూరు నాటితిమని వ్రాసినవారు అబద్ధమాడలేదు. కాని ఎండలు ముదిరిన నాటికి ఎన్ని బ్రతికినవి? నీరెవరు పోసిరి? మేకలు తినకుండ కంప ఎవరు నాటిరి? మరియొక ప్రశ్న యున్నది, అడుగుటకు కొంత మొగమాటము: మన ఊరి యువతీయువకులు ఆ పనిలో భాగస్వాములైరా, లేక కుర్చీలు మోయుటకే పిలువబడిరా?

ఇట్టి ప్రశ్నలను శిబిరమునకు ముందే పంచాయతీవారు, కార్యక్రమాధికారి, ఊరి యువజనులు కలిసి కూర్చుండి వ్రాసికొనవలెను. ఆరు నెలల తరువాత అవే ప్రశ్నలతో మరల ఇంటింటికి పోవలెను. ఏ ఇండ్లకు పోవలెనను విషయమున విశ్వవిద్యాలయపు సాయము అక్కరకు వచ్చును. మనమే ఏరినచో మనకు కావలసినవారి ఇండ్లే ఏరుదుము గదా! చీట్లు వేసి ఎన్నుకొనుట, ఊరి చివరి వాడలను విడువకుండుట వారు నేర్పగలరు.

ఇది మన పల్లెలకు మించిన పని కాదు. 2006లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఆరంభమైనపుడు, కూలి కుటుంబముల యువజనులే శిక్షణ పొంది, మస్టరు పుస్తకములతో గడపగడపకు తిరిగి, కనుగొనినది బహిరంగ సభలో చదివి వినిపించిరి. డబ్బు లెక్క చూడగలిగినవారు మొక్కల లెక్క చూడలేరా?

ఫలితము మనకు నచ్చకపోవచ్చును. బ్రతికినవి పదే యని తేలవచ్చును, నీటికి బాధ్యత పంచాయతీదేనని కూడ తేలవచ్చును. అయినను గ్రామసభలో చదివి వినిపింపవలసినదే.

ఈ మారు కళాశాల నుండి శిబిరమునకై ఉత్తరము వచ్చినపుడు, అనుమతి తీర్మానముతోబాటు ఆ ప్రశ్నల కాగితమును జతచేసి పంపుడని మేము కోరుచున్నాము.