కేంద్రము, రాష్ట్రము: ఏ పని ఎవరిది?

ఈ మాటలు మీ చెవిని పడుచున్న రేడియో పెట్టెపై అధికారము ఎవరిదని అడిగినచో, మీ ఇంటి ఇల్లాలు తనదే అనవచ్చును. పిల్లలు ఒప్పుకొనకపోవచ్చును. రాజ్యాంగము మాత్రము తన ఏడవ షెడ్యూలులో, మొదటి జాబితాయందు, 31వ అంశముగా తపాలా, తంతి, టెలిఫోనులతోపాటు ప్రసారములను కూడ కేంద్రమునకు అప్పగించినది. రేడియోకు లైసెన్సు ఉన్న దినములలో ఆ రుసుమును తపాలా కచేరీలో చెల్లించుట మీలో పెద్దవారికి జ్ఞాపకముండును.

గదిలోని విద్యుద్దీపము మాట వేరు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోనిది. ఇప్పటి చట్టమును 2003లో పార్లమెంటు చేసినది; ఇంటి వాడకమునకు యూనిటుకు ఎంత వసూలు చేయవలెనో నిర్ణయించునది రాష్ట్రములోని విద్యుత్ నియంత్రణ మండలి. పెరటి నేలపై హక్కులు రాష్ట్ర విషయము. వీధి చివరి పోలీసు ఠాణా రాష్ట్రముదే. వంటింటిలోని ఉప్పు కేంద్ర జాబితాలో 58వ అంశము. ఊరి బయటి కల్లు దుకాణము రాష్ట్ర జాబితాలో 8వ అంశము. ఉప్పు ఢిల్లీది, కల్లు మనది! ఆ 8వ అంశములోని మత్తు పానీయములు అను మాటలో పరిశ్రమలకు వాడు ఆల్కహాలు కూడ చేరునా అను వివాదము దశాబ్దముల పాటు సాగి, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఒకరు భిన్నాభిప్రాయము తెలుపగా, చేరునని తీర్పు చెప్పినది. ఒక్క మాట అర్థమునకై ఇంత పోరాటము జరిగినదనగా, దాని వెనుక ఎంత రాబడి ఉన్నదో మీరే ఊహింపవచ్చును.

ఈ పంపకము ఒక్కనాడు పుట్టినది కాదు. మూడు జాబితాల పద్ధతి 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టములోనే ఉన్నది. 1946లో వచ్చిన కాబినెట్ మిషన్, కేంద్రమునకు రక్షణ, విదేశాంగము, రవాణా వార్తా సౌకర్యములు, వానికి కావలసిన ధనము మాత్రము ఉంచి, మిగిలిన సర్వమును రాష్ట్రములకు విడువవలెనని సూచించినది. ముస్లిం లీగును ఒక్క దేశములో నిలుపుటకై చేసిన ఏర్పాటది. 1947 జూన్ 3న దేశ విభజన నిశ్చయమై ప్రకటింపబడగానే ఆ అవసరము తీరిపోయినది. నెహ్రూ అధ్యక్షతనున్న అధికారముల సంఘము కొద్ది వారములలోనే తన త్రోవ మార్చి, కేంద్రము బలముగా ఉండవలెనని నివేదించినది. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చునప్పటికి కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశములు ఉండెను. ఏ జాబితాలోను లేనిది పార్లమెంటుకే చెందును. ఉమ్మడి విషయములో రెండు చట్టములు ఢీకొన్నచో సామాన్యముగా పార్లమెంటు చట్టమే నిలుచును. రాష్ట్రపతి ఆమోదము పొందిన రాష్ట్ర చట్టము మాత్రము ఆ రాష్ట్రమునందు చెల్లును.

జాబితాలకంటె పెద్ద అధికారము మరియొకటి 3వ అధికరణములో ఉన్నది. దానిని తెలుగువారికి వేరుగా బోధింపనక్కరలేదు. కొత్త రాష్ట్రమును ఏర్పరచుటకు, ఉన్నదానిని విభజించుటకు పార్లమెంటులో సామాన్యమైన మెజారిటీ చాలును. సంబంధిత శాసనసభ అభిప్రాయమును అడుగవలెను గాని దానికి కట్టుబడనక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది ఈ అధికారముతోనే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించుచు తీర్మానము చేసినను, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించినది. జూన్ 2న తెలంగాణ అవతరించినది. ఒక ప్రాంతమువారికి చిరకాల న్యాయముగాను, మరియొక ప్రాంతమువారికి అన్యాయముగాను తోచినది ఒక్క అధికరణమే. అమెరికాలో ఏ రాష్ట్రమునైనను దాని శాసనసభ సమ్మతి లేక ఇట్లు చీల్చుటకు వీలులేదు.

ఇక జాబితాలు సైతము వ్రాసినచోటనే ఉండలేదు. విద్య మొదట రాష్ట్ర విషయము. అత్యవసర పరిస్థితి కాలములో, ప్రతిపక్ష నాయకులు పలువురు చెరసాలలలో ఉండగా, 1976లో 42వ సవరణ వచ్చి విద్యను, అడవులను, మరికొన్నిటిని ఉమ్మడి జాబితాలోనికి మార్చినది. తరువాతి ప్రభుత్వము ఆ సవరణలోని పలు భాగములను తొలగించినది గాని ఈ మార్పు నిలిచిపోయినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య నిచ్చు 2009 నాటి చట్టమును పార్లమెంటు దేశమంతటికి చేయగలుగుటకు ఈ మార్పు తోడ్పడినది, ఇది మేలే. వైద్య కళాశాలల ప్రవేశమునకు మన రాష్ట్రములు జరుపుచుండిన ఎంసెట్ పోయి, 2017 నుండి అఖిల భారత నీట్ పరీక్ష స్థిరపడుట మరియొక ముచ్చట. దాని మంచిచెడ్డలకు వేరొక ప్రసంగము కావలెను. ఇక్కడ నేను అడుగునది చిన్న ప్రశ్న. పరీక్షలో లోపము జరిగినప్పుడు పిల్లవాని తండ్రి ఏ గుమ్మము తట్టవలెను? పూర్వము తన నియోజకవర్గపు శాసనసభ్యుని నిలదీసెడివాడు. ఇప్పుడు ఆ సభ్యుడు ఢిల్లీ వైపు చేయి చూపును.

అధికారము పంచుట యనగా జవాబుదారీని పంచుట కూడ. చౌకధరల దుకాణమునే చూడుడు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము ధాన్యము సమకూర్చి కేటాయించునది కేంద్రము. అర్హులెవరో గుర్తించి, దుకాణము నడిపి, బియ్యము చేతికందించునది రాష్ట్రము. అంతతో ఆగక, మన రెండు రాష్ట్రములును చట్టము లెక్కకు మించిన కుటుంబములకు తమ ఖర్చుతో బియ్యము ఇచ్చుచున్నవి. బియ్యము వచ్చిన నెలలో ఇచ్చినది మేమేయని రెండు ప్రభుత్వములును చెప్పును. రాని నెలలో అవ్వ సంచి పట్టుకొని తిరిగిపోవును. గోదాములో సరకు లేదా, కార్డు పట్టికలో పేరు లేదా అను ఒక్క సంగతి తెలిసినను ఆమె గొడవ సగము తీరును. మొదటిదైనచో కేటాయింపునో రవాణానో అడుగవచ్చును, రెండవది నిశ్చయముగా రాష్ట్రపు పనియే.

ఈ చిక్కంతటికి మూలము ధనము. హెచ్చు రాబడి నిచ్చు పన్నులు కేంద్రమువి. బడి, ఆసుపత్రి, పోలీసు, సేద్యము వంటి హెచ్చు ఖర్చు పనులు రాష్ట్రములవి. ఈ లోటు పూడ్చుటకే ఐదేండ్లకొకమారు ఆర్థిక సంఘము కూర్చుండును. మన తెలుగువారగు యాగా వేణుగోపాల రెడ్డిగారి అధ్యక్షతనున్న 14వ సంఘము, పంచదగిన కేంద్ర పన్నులలో రాష్ట్రముల వాటాను 32 నుండి 42 శాతమునకు పెంచినది. జమ్మూకాశ్మీరము కేంద్రపాలిత ప్రాంతమైన పిమ్మట 15వ సంఘము దానిని 41గా నిర్ణయించినది. 2017 జూలై 1 నుండి అమలైన జి.ఎస్.టి. కొరకు రాష్ట్రములు తమ అమ్మకపు పన్నులో పెద్ద భాగమును వదలుకొన్నవి. దాని మండలిలో మూడింట ఒక వంతు వోటు కేంద్రమునకు, రెండు వంతులు రాష్ట్రములన్నిటికిని. నిర్ణయమునకు నాలుగింట మూడు వంతులు కావలెను. రాష్ట్రములన్నియు ఒక్కటైనను కేంద్రము కాదన్నచో పని జరుగదన్నమాట.

పంచదగిన అను ఆ ఒక్క మాటయందే అసలు కిటుకున్నది. సెస్సు, సర్‌ఛార్జి అను పేర్లతో వసూలగు సొమ్మును రాష్ట్రములతో పంచుకొననక్కరలేదు. అందుచేత వాటా శాతము పెరిగినను, పంచవలసిన రాశి చిన్నదగుటకు అవకాశమున్నది. 2021 వేసవిలో లీటరు పెట్రోలుపై కేంద్ర సుంకము సుమారు 33 రూపాయలు. అందులో రాష్ట్రములతో పంచుకొనవలసిన ప్రాథమిక సుంకము 1 రూపాయి 40 పైసలు. దానిపైన రాష్ట్రము తన పన్ను తాను వేసుకొనినది. ధర పెరిగినదేమని అడిగిన బండివానికి ఆనాడు ఢిల్లీ రాష్ట్రపు పన్నును చూపినది, రాష్ట్రము ఢిల్లీ పన్నును చూపినది. బంకులో ఇచ్చిన చీటీమీద మాత్రము మొత్తము ధర ఒక్కటే అచ్చుపడినది.