పిప్లాంత్రి ఆడపిల్లల చెట్లు

రాజస్థాన్‌లో, రాజ్‌సమంద్ జిల్లాలో పిప్లాంత్రి అనే ఊరుంది. చుట్టూ పాలరాతి గనులు, తవ్విపోసిన తెల్లటి రాళ్లగుట్టలు, ఒకప్పుడు అడుగంటిన బావులు. 2005లో అక్కడ సర్పంచ్ అయిన శ్యాంసుందర్ పాలీవాల్‌కు కొద్దికాలానికే కూతురు కిరణ్ దూరమైంది. కడుపుకోత మాటలతో తీరేదా? ఆ బిడ్డ పేరున ఆయన ఒక కదంబ మొక్క నాటారు. తర్వాత ఊరివాళ్లను ఒప్పించి ఓ కట్టుబాటు తెచ్చారు. ఎవరింట ఆడపిల్ల పుట్టినా ఊరంతా కలిసి 111 మొక్కలు నాటాలి. పిల్ల పేరున బ్యాంకులో డబ్బు వేస్తారు. పద్దెనిమిదేళ్లలోపు పెళ్లి చేయబోమని, చదువు మాన్పించబోమని కన్నవాళ్లు రాసివ్వాలి. నన్నడిగితే, మొక్కలకన్నా ఆ కాగితమే గట్టి పని.

చెట్లకు చెదలు పట్టకుండా చుట్టూ కలబంద వేశారు. అది ఏపుగా పెరిగింది. ఆ గుజ్జుతో రసం, జెల్ తయారుచేసి అమ్ముతూ ఊరి ఆడవాళ్లు నాలుగు రాళ్లు వెనకేసుకుంటున్నారు. రాఖీ పండుగనాడు ఆడపిల్లలు తమ చెట్లకు రాఖీలు కడతారు. ఊళ్లో ఎవరైనా కాలంచేస్తే వారి పేరున 11 మొక్కలు నాటుతారు. పాలీవాల్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది.