వీరబాహు కోసం ఎవరు ఏడ్చారు?

(అంబేడ్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించే చెప్తాను. అయితే బడిలో చెప్పే చదువు కాదు. రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా సాగే చదువు ఇంకొకటుంది. దాని పేరు నాటకం. తిరునాళ్లకూ, శ్రీరామనవమికీ మన ఊళ్లల్లో ఇప్పటికీ పద్యనాటకాలు ఆడిస్తున్నారు. చాపలు చుట్టుకొని, పిల్లల్ని చంకనేసుకొని మనమూ పోతున్నాం. పోవాలి. పోవద్దని చెప్పటానికి నేను రాలేదు. మా నాయన తరం వాళ్లు ఊరి నాటకాన్ని దూరాన, చీకట్లో, అందరికీ వెనక నిలబడి చూశారు. ఈ రోజు మనం ముందుకొచ్చి కూర్చుంటున్నామంటే అది ఊరికే వచ్చింది కాదు. కాని ముందు కూర్చున్న మన పిల్లవాడు ఆ రాత్రి ఏం నేర్చుకొని ఇంటికొస్తున్నాడు? నేనడిగేది అది.

మన వైపు ఎక్కువగా ఆడేది హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రాసిన నాటకం. కాటిసీను ఒక్కటే విడిగా ఆడించే ఊళ్లున్నాయి. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు వినని పెద్దవాళ్లు ఇక్కడ ఉండరు. వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడేవాళ్లు, మళ్లీ ఏడ్చేవాళ్లం. కథ మీకు తెలుసు. ఇచ్చిన మాట కోసం రాజు రాజ్యం వదిలాడు. విశ్వామిత్రుడి బాకీ తీర్చటానికి కాశీలో పెళ్లాన్నీ కొడుకునీ ఒక బ్రాహ్మడికి అమ్మాడు. తననుతాను కాటికాపరి వీరబాహుకి అమ్ముకున్నాడు. కొడుకు పాము కరిచి చచ్చిపోతే, సొంత పెళ్లాన్నే కాటిసుంకం అడిగాడు.

ఈ నాటకాన్ని చిన్నప్పుడు చూసి మనసు కదిలిపోయిన ఒక పిల్లవాడి సంగతి దేశమంతా చదివింది. ఆ పిల్లవాడు గాంధీ. తండ్రి దగ్గర సెలవు తీసుకొని ఒక కంపెనీ వాళ్ల హరిశ్చంద్ర చూశాననీ, అది నన్ను వెంటాడిందనీ, నాలో నేనే ఎన్నోసార్లు హరిశ్చంద్రుణ్ణయి ఆడుకున్నాననీ, తలుచుకొని ఏడ్చేవాణ్ణనీ ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. అబద్ధమని నేననను. పిల్లల మనసు మీద నాటకానికి అంత బలముంది. అయితే ఒక్కటి చూడండి. ఆయన దివాను గారి కొడుకు. నాటకం చూసి తనను రాజుగా ఊహించుకున్నాడు. మరి మన పల్లె పిల్లవాడు అదే నాటకం చూస్తే ఎవరిలో తనను చూసుకోవాలి?

ఇది ఉత్తమాట కాదు. మా బడిలో అయిదో తరగతి పిల్లవాడొకడున్నాడు. వాళ్ల తాత ఊరికి కాటికాపరి. తిరునాళ్లకు నాటకం వేశారు. తాతే మనవణ్ణి భుజాన ఎక్కించుకొని తీసుకుపోయాడు. వీరబాహు వేషం మీకు తెలుసుగా. చాలామంది ఆయన్ని కల్లుకుండతో, తూలుకుంటూ, నోటికొచ్చింది మాట్లాడుతూ రంగం మీదికి తెస్తారు. జనం విరగబడి నవ్వారు. తర్వాత రాజు కాటికాపరి కర్ర పట్టుకొని వచ్చాడు. అదే జనం కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు బడిలో నలుగురు పిల్లలు వీణ్ణి చుట్టుకొని, "ఒరే వీరబాహూ, కుండేదిరా?" అన్నారు. పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు.

నేను వాళ్లింటికి పోయాను. వాడు నన్నడిగిన మాట ఇది. "సార్, రాజు కాటికాపరి అయితే అందరూ ఏడ్చారు. మా తాత ఎప్పుడూ కాటికాపరే గదా. మా తాతను చూసి ఎందుకు నవ్వుతారు?"

నేను జవాబు వెతుక్కుంటుండగా ఆ తాతే అన్నాడు: "తాగి తవ్వితే గుంట వంకరపోతుంది నాయనా. ఎప్పుడన్నా తాగానంటే, నాలుగు రోజులు నానిన శవాన్ని తీసినప్పుడు తాగా. ఆ వాసన వాళ్లకు తెలిస్తే నవ్వుతారా?"

మర్నాడు తరగతిలో నేను పిల్లల్నెవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కటడిగాను. "మీ ఇళ్లల్లో తాతో నాయనమ్మో పోయినప్పుడు గుంట తవ్విందెవరు? కాష్ఠం పేర్చిందెవరు?" అందరూ ఒకే మాట చెప్పారు, కాటికాపరి అని. "అది పని పేరు. మనిషి పేరు చెప్పండి." ఒక్కరికీ తెలియదు. ఇంటింటి చావుకీ వచ్చి, ఆఖరుదాకా నిలబడి, పాతబట్టా నాలుగు డబ్బులూ తీసుకొని పోయే మనిషి పేరు ఊళ్లో పిల్లలకు తెలియదు. ఆ పేరు బోర్డు మీద రాశాను. పక్కన గారు అని కూడా రాశాను. ఆ పిల్లవాడు మళ్లీ బడికొస్తున్నాడు.

ఇప్పుడు కథనే మనవైపు నుంచి చూద్దాం. కాశీ అంత పుణ్యక్షేత్రంలో, అంతమంది పండితుల మధ్య, రాజుగారి బాకీకి చివరి డబ్బు పెట్టిందెవరు? వీరబాహు. ఆ డబ్బు లేకపోతే హరిశ్చంద్రుడి సత్యం గడువులోపల గట్టెక్కేది కాదు. మనిషిని కొనటం మంచి పనని నేననను. ఎవరు కొన్నా అది బానిసత్వమే. కాని సత్యానికి దండ రాజు మెడలో పడింది, నవ్వు వీరబాహు మీద పడింది. ఇంకో విచిత్రం వినండి. మార్కండేయ పురాణంలో రాజును కొన్న చండాలుడు నిజంగా చండాలుడు కాదట. ధర్మదేవత వేసుకొచ్చిన వేషమట! చివరికి మంచి జరిగేసరికి ఆ చోటు కూడా మనవాడికి దక్కలేదు. రాజుకు రాజ్యం తిరిగొచ్చింది, కొడుకు బతికాడు. కాటికాపరి తెల్లారి మళ్లీ కాటికే పోవాలి.

లోహితుడి సంగతి చూడండి. వాడు పరాయి ఇంట్లో చాకిరీకి పోయిన పిల్లవాడు. యజమాని పని మీద దర్భలకు పోయి పాముకాటుకు చచ్చాడు. చంద్రమతి ఏడుస్తుంటే మన తల్లులు గుండెలు బాదుకుంటారు. అమ్మా, మన పిల్లలు గొడ్ల వెంట పోయి, చేలల్లో పాము కరిచి చచ్చిపోలేదా? 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చేదాకా, వచ్చినాక కూడా, అప్పుకింద జీతానికి పెట్టిన పిల్లలు ఎంతమంది? వాళ్లకు ఏ దేవుడొచ్చి ప్రాణం పోశాడు? లోహితుడి కోసం ఏడవండి, తప్పు లేదు. ఆ కన్నీళ్లు అక్కడ ఆగిపోకూడదు.

ఆ కాటిసీనులో మనవాడి గొంతు ఒకటుందని ఎంతమందికి తెలుసు? నటులు అక్కడ పాడే పద్యాల్లో బాగా పేరుపడినవి గుర్రం జాషువా పద్యాలు. బలిజేపల్లి వారివి కావు. వినుకొండలో 1895లో పుట్టి, అడుగడుగునా అవమానం మింగి, 1941లో గబ్బిలం రాసిన జాషువా. ఆయన శ్మశానవాటి పద్యాల్ని నటులు తెచ్చి నాటకంలో కలిపారు. జనం వన్స్‌మోర్ కొట్టింది వాటికి. అంటరానితనం కాలు పెట్టలేని చోటు శ్మశానమేనని ఆయన వాపోయాడు. కాని మన ఊళ్లల్లో అదీ నిజం కాలేదు. వాళ్ల శ్మశానం వేరు, మన బొందలగడ్డ వేరు. మన శవానికి దారి ఇవ్వని ఊళ్లున్నాయి. కాబట్టి ఆ పద్యం వచ్చినప్పుడు పిల్లవాడి చెవిలో చెప్పండి, "ఇది రాసింది మన జాషువా తాత" అని. వాడు నిటారుగా కూర్చొని వింటాడు.

నాటకం మనల్ని నవ్వులపాలు చేయటానికే పుట్టలేదు. బోయి భీమన్న గారు పాలేరు నాటకం రాశారు. పాలేరు పిల్లవాడు చదువుకొని పైకొచ్చే కథ. అది చూసి మా పిల్లల్ని బడిలో వేశామని చెప్పిన పెద్దలున్నారు. తెలంగాణలో చిందు మాదిగలు తరతరాలుగా మాదిగవాడల్లో జాంబపురాణం ఆడుతున్నారు. అందులో మనవాడు నడిమధ్యన నిలబడి బ్రాహ్మడితో వాదిస్తాడు. చిందు ఎల్లమ్మ ఆడమనిషై ఉండి మగవేషాలు కట్టి జనాన్ని మెప్పించింది. అది చూసిన పిల్లవాడు, తన కులం గురించి ఎవరన్నా ఎగతాళి చేస్తే తల దించడు.

అందుకని నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, పిల్లల్ని నాటకానికి తీసుకుపోండి. ఆడపిల్లల్ని కూడా. ముందు వరసలో కూర్చోబెట్టండి. నిద్రపోతే పోనీండి, ముఖ్యమైన సీనుకు లేపండి.

రెండు, తిరిగొచ్చేటప్పుడు దారిలో మూడు ప్రశ్నలు వేయండి. ఎవరు ఏడ్చారు? ఎవర్ని చూసి నవ్వారు? పని చేసిందెవరు? జవాబు మీరు చెప్పొద్దు. పిల్లల్నే చెప్పనీయండి.

మూడు, నాటకం కుదిర్చేటప్పుడు చందా మనమూ ఇస్తున్నాం. వీరబాహుని తాగుబోతు బఫూను చేస్తే ఒప్పుకోమని ముందే సమాజం వాళ్లకు చెప్పండి. నటుల్లో మనవాళ్లూ ఉన్నారు, వాళ్లతో తగువు వద్దు. కూర్చోబెట్టి మాట్లాడితే అర్థం చేసుకుంటారు.

నాలుగు, వచ్చే డిసెంబరు 6 నాటికి మన పిల్లలే ఒక చిన్న నాటకం తయారు చేయాలి. అదే కాడు, అదే రాత్రి. కాని కథ చెప్పేది వీరబాహు. రాజు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున ఆయన ఏం చేశాడు, ఆయన మనవడు బడికి పోయాడా లేదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. పద్యం రాకపోతే మాటల్లో ఆడండి. డప్పు మనకుంది. రాసి పెట్టటానికి నేనున్నాను, రాత్రిపూట వస్తాను. మొదటి ఆట ఆ కాటికాపరి తాతగారి ముందు ఆడదాం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పేరు పెట్టి పిలిచి, ఆడదాం.

జై భీమ్!