విజయనగరాన్ని పోషించిన తోటలు
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హంపి అనగానే మనకు రాతిరథం, విరూపాక్షాలయం గుర్తొస్తాయి. అంత పెద్ద పట్టణానికి అన్నం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవారు తక్కువ. ముప్పైయేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి కదా, నాకు ముందు ఆ ప్రశ్నే తడుతుంది.

1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ ఏడు ప్రాకారాలు చూశాడు. మొదటి ప్రాకారానికీ మూడవదానికీ మధ్య పొలాలు, తోటలు, ఇళ్ళు ఉన్నాయని రాశాడు. అంటే పంట కోటగోడల లోపలే! ఇక న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు మరో సంగతి చెప్పాడు. ఒక రాజు తుంగభద్రకు అడ్డంగా బండరాళ్ళతో ఆనకట్ట కట్టించి, కొండరాయి తొలిపించి నగరానికి నీరు తెచ్చాడట. ఆ రాజు మొదటి దేవరాయలని సూయల్ దొరగారి అభిప్రాయం. తండ్రి కూడబెట్టిన ధనమంతా ఆ పనికే అయిపోయిందట. అయితే ఆ నీటితో నిమ్మ, నారింజ, ద్రాక్ష, గులాబీ తోటలు లేచి, ఆదాయం మూడున్నర లక్షల వరహాలకు పైగా పెరిగిందట. ఇలాంటి అంచనాకు ఏ ఆడిట్ వారూ అభ్యంతరం పెట్టరు!

కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పేయిజ్ అయితే లోకంలో ఇంత సమృద్ధిగా సరుకు దొరికే నగరం మరొకటి లేదన్నాడు.

1565లో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు ఖజానాతో పెనుగొండ దారి పట్టాడు. ముట్టడి జరగనేలేదు. గోడల మధ్య పండించిన ధాన్యం కోటను కాపాడే అవసరమే రాలేదు. నగరం పాడుపడింది గాని కాలువలు ఆగలేదు. రాజుల కోసం కాక తమ మడి కోసం రైతులు పూడిక తీసుకుంటూ వచ్చారు. 1953లో తుంగభద్ర డ్యాము వచ్చాక రాయ, బసవన్న కాలువలకు జలాశయం నీరే ఆధారమైంది. తుర్తు కాలువ నేటికీ గుళ్ళకూ రాజప్రాసాదాలకూ నడుమనున్న లోయలో అరటితోటలకు, వరిమళ్ళకు పారుతోంది.

1986లో యునెస్కో హంపిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిక్కల్లా ఇక్కడే. ప్రాచీన కట్టడమంటే చెయ్యి వేయరాదు. కాలువంటే ఏటా చెయ్యి వేయకపోతే చస్తుంది. ఇటీవల కాంక్రీటు లైనింగు పనులు కూడా జరిగాయి. నీరు ఇంకిపోకుండా చూడవలసిందే, కాదనను. కాని పాత రాతికట్టుడు కాంక్రీటు కింద పూడిపోతే మరి చూడలేం. రైతును వెళ్ళగొట్టి తోటను కాపాడతామనేవారితోనూ నాకు పేచీయే.

మన సంఘం యాత్రకు వెళ్ళినప్పుడు కమలాపురం చెరువు దగ్గర ఒక అరగంట బస్సు ఆపించండి. గైడు తొందరపెడతాడు, వినకండి. అక్కడ మెట్లెక్కే పని లేదు, మన మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు.