నీకెలా తెలుసు?



నేటి ధ్యానము అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము, 11వ వచనము. బెరయ పట్టణస్థులు పౌలు సీలల బోధను మనసారా విన్నారు. విని ఊరుకోలేదు, అది సరియేనా అని దినదినము లేఖనములు తెరచి చూచుకొన్నారు. అందుకు పౌలు కోపించినట్టు వ్రాయబడలేదు. పైగా వాక్యము వారిని ఘనులని మెచ్చుకొనుచున్నది.

మన ఉమ్మడి అనంతపురము జిల్లాను చూడండి. సంవత్సరమునకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అడుగున గట్టి బండ. నీళ్లుంటే దాని పగుళ్లలోనే. రైతు అప్పు చేసి బోరు వేస్తాడు. ఎక్కడ? ఒకాయన అరచేతిలో టెంకాయ నిలబడిన చోట! నీళ్లు పడితే ఆయన పేరు పది ఊళ్లకు పాకుతుంది. ఎండిన బోర్లను ఎవరు లెక్కపెట్టారు? అప్పు మాత్రము ఆ ఇంటిమీద నిలుస్తుంది.

2003 తరువాత కొన్ని యేండ్లు, అనంతపురముతో కలిపి ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలిచే పథకమొకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి సహాయము చేసింది. రైతులు వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టము చూచారు, ఆ అంకెలను ఊరిలో అందరికీ కనబడేలా వ్రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, ఏ పంటకెంత కావాలి అని లెక్కవేసుకొన్నారు. ఆ అంకెను అనుమానించినవాడు తానే మళ్లీ కొలుచుకోవచ్చు. టెంకాయ మాటకు ఆ దారి ఎక్కడిది?

సండేస్కూలు టీచర్లారా, తల్లిదండ్రులారా, బిడ్డ "నీకెలా తెలుసు?" అని అడిగితే "ఎదురు మాట్లాడకు" అని గద్దించకండి. ఇంకా మూడు ప్రశ్నలు నేర్పండి. చెప్పినవాడు కళ్లారా చూచాడా, విన్నాడా? తప్పిపోయినవి ఎన్ని? మనము సరిచూచుకొనే మార్గమున్నదా? ఈ ప్రశ్నలు నేర్వని బిడ్డ, రేపు ఎవరైనా వచ్చి "మందులు మానడమే విశ్వాసము" అంటే తల ఊపుతుంది. అక్కడ పోయేది డబ్బు కాదు, ప్రాణము.

అన్నిటికీ ఒకే కొలత లేదు. నీటిమట్టమును టేపుతో కొలుస్తాము, బోధను వాక్యముతో సరిచూస్తాము. అలా సరిచూచుకొన్న బెరయలో అవిశ్వాసము పెరిగిందా? 12వ వచనము చదవండి: అనేకులు విశ్వసించారు.

నేను చెప్పినది కూడ ఈ రాత్రి మీ పిల్లలతో బైబిలు తెరచి పరిశీలించండి. ప్రభువు మీకు వివేకమును దయచేయును గాక. ఆమేన్.