విద్యార్థులకు దానవిద్య
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 విద్యనుగూర్చి చెప్పుమని కార్యవర్గమువారి యాజ్ఞ. ముప్పదియైదేండ్లు సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొన్న మేము, నేర్పక విడిచిన పాఠ మొకదానినిగూర్చి నేడు విన్నవించెదము. అది దానవిద్య.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లియందు, అధ్యయనము ముగించి యింటికి బోవు శిష్యునకు గురువుచేయు తుది యుపదేశము కలదు. అందు సత్యధర్మములతోపాటు దానవిధియు చేరియున్నది. శ్రద్ధ, వినయము, వెరపు, వివేకము లేని యీవి కూడదని దాని తాత్పర్యము. భగవద్గీత పదునేడవ యధ్యాయమున దేశకాలపాత్రములు చూచి, ప్రత్యుపకారము కోరక యిచ్చునదియే సాత్త్విక దానమని చెప్పబడినది. ఈ రెంటిని మేము ఏటేట బోధించితిమి. పాత్రమనగా నేమని పరీక్షలో నడిగితిమి, బాలురు చక్కగా వ్రాసిరి, మార్కులు వేసితిమి. కాని యొక్కని చేతిలోనైనను ఒక్క రూపాయి నుంచి, దీని నెవరికిత్తువు, ఏల యిత్తువు అని యడిగినవారము కాము.

ఇందలి లోపము మాకు ఆలస్యముగా తెలిసినది. కొన్నియేండ్ల క్రిందట ఒక విద్యార్థివేతన నిర్ణయసంఘమున మేమును కూర్చుంటిమి. మిగిలిన వేతన మొకటి, దరఖాస్తులు రెండు. ఒకటి ముత్యాలవంటి యక్షరములతో నుండెను. రెండవది నలిగి, మరకలు పడి, తప్పులతో నుండెను. బడిపంతులకు దస్తూరిమీద మోజు సహజము. మొదటివానికే యిప్పించితిమి. రెండవవాని యిల్లు ఎల్బీనగరులో మా యింటికి రెండుమైళ్లు లేదు. అయినను పోయి చూడమైతిమి.

ఆరునెలల పిమ్మట, అప్పుడు కొత్తపేటయందే యుండిన గడ్డిఅన్నారము పండ్లమార్కెటుకు పోగా, బత్తాయిల బస్తా దింపుచున్న యువకుడొకడు "నమస్తే సార్" అని పలుకరించెను. అతడే యా బాలుడు. తెల్లవారుజామున అక్కడ కూలి చేయుచు, గంపమీద కాగితము పెట్టి యా దరఖాస్తు వ్రాసినాడట. ఫీజు కట్టలేక కాలేజి మానినాడు. మమ్ము నొక్క మాటయు ననలేదు. పైగా ఇంటికి గొనిపొమ్మని రెండు బత్తాయిలు చేతబెట్టెను. వినయముతో నిచ్చుట యెట్టిదో మేము ఆ దినమున నేర్చుకొంటిమి. మాలో దయ కొరవడలేదు. పాత్రము నెరుగు నభ్యాసము కొరవడినది.

ఈ యభ్యాసమును నేర్పు పద్ధతి అమెరికాయందు కలదు. నార్తరన్ కెంటకీ విశ్వవిద్యాలయమున మేయర్సన్ కుటుంబపు ధర్మసంస్థ సహాయముతో 2000 ప్రాంతమున ఇట్టి తరగతులు ప్రారంభమైనవి. ప్రసిద్ధ ధనికుడు వారన్ బఫెట్ సోదరి డోరిస్ బఫెట్ (1928–2020) గారును, విద్యార్థులు ఇచ్చుచు నేర్చుకొనవలయునని యొక సంస్థను స్థాపించి, అనేక కళాశాలల తరగతులకు ధనము సమకూర్చిరి. పద్ధతి సులభమైనది. తరగతి కొక మొత్తమిత్తురు. విద్యార్థులు మొదట తమ యూరి కొరత లేవో విచారించి, ఒక్కదానిని ఎన్నుకొందురు. ఆ పనిచేయు సంస్థలనుండి దరఖాస్తులు పిలిచి, వానిని చదివి, లెక్కలు చూచి, స్వయముగా పోయి పనివారితో మాటలాడుదురు. పిమ్మట కూర్చుండి వాదించి నిర్ణయింతురు. వారు పంచునది ఆటసొమ్ము కాదు, నిజమైన ధనము. కావున ఒకరికి ఔననుట మరి నలుగురికి కాదనుట యగును. కాదనినవారికి కారణము చెప్పవలసివచ్చినప్పుడే మనస్సు మేల్కొనును. మాకు తప్పినది ఆ పాఠమే.

ఇది మనకు దూరపు మాట కాదు. 2013 కంపెనీల చట్టము ననుసరించి, 5 కోట్ల రూపాయలు మొదలుకొని నికరలాభము గల కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి 2 వంతున సంఘసేవకు వెచ్చింపవలయును. నేడు దిల్‌సుఖ్‌నగరు హాస్టలు గదిలో నలుగురితో సర్దుకొని చదువు బాలుడే రేపు అట్టి ధనమును పంచు కుర్చీలో కూర్చుండవచ్చును. దస్తూరి చూచి యిచ్చునా, ఇల్లు చూచి యిచ్చునా?

ఎల్బీనగరునుండి దిల్‌సుఖ్‌నగరునకు మెట్రోరైలులో పోవునపుడు విక్టోరియా మెమోరియల్ అను స్టేషను వచ్చును. ఆ పేరు దినదినము వినువారు వేలమంది. అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున సరూర్‌నగరున వెలసిన అనాథగృహముపేరని తలచువారెందరు? అట్లే 1918లో రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో నెలకొన్న రెడ్డి హాస్టలు మొదలుగా, దాతల చందాలతో ఈ నగరమున పల్లెబాలురు చదువుకొన్న వసతిగృహములు పలుకులములవారికి కలవు. మన పెద్దలు విద్యార్థికి పుచ్చుకొను నవకాశము కల్పించిరి. ఇచ్చుటను నేర్పుట మన వంతు.

కావున మా మనవి యిది. మన విద్యానిధినుండి ఈ యేడు 50,000 రూపాయలు వేరుపరచి, విశ్వవిద్యాలయములలో చదువు మన బాలబాలికలు పదునైదుగురికి అప్పగింపుడు. వేతనము పొందినవారును అందుండవలయును. లేమి యెట్టిదో వారెరుగుదురు. ఇల్లు చూడక ఇయ్యరాదు. కాదనినవారికి కారణము చెప్పకుండరాదు. పుచ్చుకొనువానిని నిలబెట్టి ఫొటో తీయరాదు. ఏడాది గడచిన పిమ్మట మరల పోయి చూచి, ఫలితమును, పొరపాటును ఈ సభకే చెప్పవలయును.

పిల్లలు పొరబడుదురందురా? నెరసిన తలలతో మేము పొరబడలేదా? వారు పొరబడినచో ఏడాదిలో తెలియును. మన ధనము మనవారికే చెందవలయునందురా? విద్యానిధిలో తక్కినదంతయు మనవారికే యున్నది. ఈ చిన్నమొత్తమునకు మాత్రము కులపు హద్దు పెట్టకుడు. ఆకలికి గోత్రము లేదు. పాత్రమును వెదకబోవువానికి ముందే గోడకట్టినచో వాడు నేర్చుకొనునది గోడనే.

ఆ బత్తాయిల ఋణము మాకింకను తీరలేదు. అందులకై మా పింఛనునుండి 5,000 రూపాయలు ఈ మొత్తమునకు చేర్చుటకై కోశాధికారిగారికి ఇప్పుడే యొప్పగించుచున్నాము. తక్కినది సభవారి చిత్తము.