ఆసుపత్రికి పోయి వచ్చే దారి

(పాస్టరేటు స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



వాక్యము చెప్పే యోగ్యత నాకు లేదు. 34 ఏండ్లు నర్సుగా పనిచేసి ఇంటిపట్టున ఉన్నదానిని. గనుక నాకు తెలిసిన ఒక చిన్న సంగతినే మీ ముందు పెడతాను. ముసలివారు, కాలు చేయి సరిగా ఆడనివారు ఆసుపత్రికి పోయి రావడము గురించి. ప్రాణము మీదికి వచ్చినప్పటి మాట కాదు. మామూలు దినములలో, డాక్టరుగారు రమ్మన్న తేదీకి పోయి, తిరిగి ఇల్లు చేరడము గురించి.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని సంగతి మనకందరికి తెలుసు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి, గుంపువలన లోనికి పోలేక, ఇంటికప్పు విప్పి దించినారు. దీనిమీద నేను విన్న ప్రసంగములన్నీ ఆ కప్పు దగ్గరే ఆగినవి. నా మనసు మాత్రము అంతకు ముందరి సంగతి మీదికి పోతుంది. ఆ నలుగురూ ఆ పొద్దు తమ పనులు మానుకొని వేళకు వచ్చినారు. ముగ్గురు వచ్చి నాలుగోవాడు రాకపోయి ఉంటే మంచము లేచేది కాదు. యోహాను సువార్త ఐదవ అధ్యాయములో బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏండ్ల రోగి ఉన్నాడు. వానికి వైద్యము దూరము కాదు, కండ్ల ఎదుటనే ఉన్నది. నీళ్ళలోకి దించే మనిషి లేడు.

మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో నేడు సరిగా అదే స్థితి. ఎస్.పి.జి. మిషన్ కాలములో ముత్యాలపాడు, కలసపాడు వైపు పల్లెలనుండి రోగులను ఎద్దులబండ్ల మీద, మంచముల మీద తెచ్చేవారని మా పెద్దలు చెప్పేవారు. నంద్యాలలో మిషన్ వారి సెయింట్ వెర్బర్గ్స్ ఆసుపత్రి పేరు మీలో పెద్దలకు తెలుసు. అప్పుడు ఆసుపత్రులు తక్కువ, మోసే మనుషులు ఎక్కువ. ఇప్పుడు 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. చాలా సంతోషము. అయితే ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలు బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా పోతుంది గాని ఆళ్ళగడ్డకు రాదు. మనకున్నది బస్సు. రుద్రవరము వైపు పల్లెలోని ముసలామె ఆటోలో ఆళ్ళగడ్డ చేరి, బస్సెక్కి, నంద్యాల బస్టాండులో దిగి, మళ్ళీ ఆటో ఎక్కవలెను. రానుపోను ఆరుసార్లు ఎక్కడము, ఆరుసార్లు దిగడము. 2025 ఆగస్టు 15 నుండి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైనది, మంచిదే. టికెట్టు పోయినది గాని మెట్టు పోలేదు.

108 ఉన్నది కదా అంటారు. ఉన్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని అది ఆపద కొరకు. కట్టు మార్పించుకోవడానికి దానిని పిలిచితే, అదే గంటలో పాము కరిచిన వానికి బండి లేకుండా చేసినవారము అవుతాము. 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లిని, బిడ్డను ఇల్లు చేరుస్తుంది. మహాప్రస్థానము బండి చనిపోయినవారిని ఇంటికి చేరుస్తుంది. పుట్టినవారికి ఒక బండి, పోయినవారికి ఒక బండి. ఈ రెంటి నడుమ బ్రతికియున్న ముసలాయన చీటీ చేత పట్టుకొని బస్టాండు అరుగు మీద కూర్చుంటాడు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకై 2007లో చేసిన చట్టములో 20వ సెక్షను ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు పడకలు, వేరే వరుసలు చెప్పినది. ఆ వరుస దాకా వారు ఎట్లు రావలెనో చెప్పలేదు. అమెరికాలో బీదల వైద్య పథకమైన మెడికెయిడ్‌లో రోగిని వైద్యుని దగ్గరికి చేర్చడము కూడ భాగమే. 2020 డిసెంబరులో దానిని చట్టములోనే వ్రాసినారు.

లెక్క చూడండి. మన పాస్టరేటులో ఒక అన్న మంగళ, గురు, శనివారములు డయాలసిస్‌కు నంద్యాల పోతున్నాడు. ఏడాదికి 156 దినములు, రానుపోను 312 ప్రయాణములు, 12 వేల కిలోమీటర్ల పైచిలుకు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది. నెలకు 13 సార్లకు పంచితే ఒకసారికి 769 రూపాయలు. ఆ డబ్బుకు కారు పోయి, నాలుగు గంటలు కాచుకొని, తిరిగి తెస్తుందా? మందులు, తిండి కూడ అందులోనివే. అందువలన ఆయన పోయేటప్పుడు బస్సులో పోతాడు, వచ్చేటప్పుడు కూడ బస్సులోనే వస్తాడు. రక్తము శుద్ధి చేసిన తరువాత బి.పి. పడిపోయి కండ్లు తిరుగుతవి. ఆ స్థితిలో నిలబడి ప్రయాణము! ఒక దినము పోకపోతే ఏమి అని కొందరు అడుగుతారు. ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. అప్పుడు 108ని పిలవవలసి వస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మా సంఘములో ఒక అవ్వ, షుగరు మనిషి, కాలికి పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చవలెను. "మంగళవారము ఆరు గంటలకు మా అబ్బాయి కారు వస్తుంది, గుడి మెట్ల దగ్గర ఉండు అవ్వా" అన్నాను. ఆ ఉదయము ఇంటికి చుట్టములు వచ్చినారు, కారు పెండ్లి పనిమీద ప్రొద్దుటూరు పోయినది. అవ్వకు ఫోను లేదు. పక్కింటివారికి చేసి చెప్పవచ్చును, చేయలేదు. సద్ది మూట ఒడిలో పెట్టుకొని పదకొండు గంటలదాకా ఆమె ఆ మెట్లమీదనే కూర్చున్నదట. మరునాడు పోయి బతిమాలితే "పోనీలే బిడ్డా, నీకు మాత్రం పనులుండవా? మళ్ళా వస్తాలే" అన్నది. మళ్ళీ రాలేదు. నేను రెండుసార్లు పిలిచినాను, ఏదో ఒకటి చెప్పినది. నెల తిరగకముందే పెద్దాసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసివేసినారు. నేను కారు ఇస్తానని అనకపోయి ఉంటే ఆమె ఎవరినో ఒకరిని తోడు పెట్టుకొని బస్సులో పోయి ఉండేది. ఈ మాట ఇన్నాళ్ళు ఎవరితోను అనలేదు.

అందువలన వ్యాను కొందామనే మాటకు నేను వెంటనే చేయి ఎత్తలేను. ఊరు పేరు చెప్పను గాని, ఒక సంఘమువారికి ఎవరో వ్యాను దానము చేసినారు. రిబ్బను కత్తిరించినారు, ఫోటో తీసినారు. డ్రైవరు జీతము, డీజిలు, ఇన్సూరెన్సు ఎవరు కట్టవలెనో మాత్రము ఎవరూ వ్రాసిపెట్టలేదు. ఏడాదిపాటు మహాసభలకు, పెండ్లిండ్లకు తిరిగినది. తరువాత చింతచెట్టు క్రింద నిలిచినది. కోళ్ళు పొదుగుతున్నవి.

ఇంగ్లండు పల్లెలలో సొంత కార్లలో రోగులను తీసికొనిపోయేవారికి మైలుకింత అని పెట్రోలు ఖర్చు మాత్రము ఇచ్చే ఏర్పాట్లు చాలాకాలముగా ఉన్నవి. మనము అదే చేయవచ్చును. మన సంఘములో కార్లున్న ఇండ్లు లేవా? ఒక్కొక్కరు వారములో ఒక్క దినము, అదీ కాకపోతే నెలలో ఒక్క దినము ఇస్తే చాలును. పెట్రోలు సంఘపు పెట్టెనుండి ఇవ్వవలెను. రోగి దగ్గర ఒక్క రూపాయి తీసికోరాదు. తెల్ల పలక నంబరున్న సొంత కారును బాడుగకు తిప్పకూడదు. అట్లు తిప్పితే ప్రమాదము జరిగిన దినమున బీమావారు చేతులెత్తవచ్చును. కారు రాలేని దినమున బదులు ఎవరో ముందే వ్రాసి ఉండవలెను. ముందటి రాత్రి రోగి ఇంటికి కబురు పోవలెను, వస్తున్నామనో, రాలేమనో. నా అవ్వ విషయములో జరగనిది ఈ కబురే. ఇంకొకటి, ప్రతి ప్రయాణము అవసరము కాదు. బి.పి., షుగరు మందులకు 104 బండి ఊరికే వస్తుంది, ఆ దినము కనుక్కొని ఉంచండి.

కారు తోలేవారికి నర్సుగా నాలుగు మాటలు. పక్షవాతము వచ్చిన చేతిని పట్టి లాగవద్దు, భుజము జారుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టో, తువ్వాలో కట్టి దానిని పట్టుకోండి. ముందు సీటు పూర్తిగా వెనుకకు జరిపి, మొదట పిరుదులు ఆన్చి కూర్చోబెట్టి, తరువాత రెండు కాళ్ళు కలిపి లోపలికి తిప్పవలెను. సీటుమీద ప్లాస్టిక్ సంచి ఒకటి పరిస్తే మనిషి సులువుగా తిరుగుతాడు. తిరిగిన తరువాత అది తీసివేయండి, బ్రేకు వేస్తే జారుతాడు. డయాలసిస్ వారికి సూది వేసే చేతిని పట్టుకోవద్దు, దానిమీద సంచి తగిలించవద్దు. సూది తీసిన తరువాత కాసేపు కూర్చోబెట్టి అప్పుడే లేపండి. పాత చీటీలు, ఆరోగ్య కార్డు, మంచినీళ్ళు బయలుదేరకముందే అడగండి. ఆడవారితో ఆడమనిషి తోడు ఉండవలెను. ముసలివారు మూత్రమునకు పోవలెనని మగ డ్రైవరుతో చెప్పుకోలేక దారిపొడవునా బాధపడతారు. ఇది చిన్న మాట అనుకోవద్దు.

ఒక నోటు పుస్తకము కొని గళ్ళు గీసి తెచ్చినాను. వచ్చే నెలకు ఆ అన్న ప్రయాణములతో మొదలు పెడదాము. మంగళవారము ఎదుట మా అబ్బాయి పేరు, ఫోను నంబరు వ్రాసియున్నవి; ఈసారి బదులు పేరు కూడ వ్రాసినాను. గురువారము, శనివారము ఖాళీగా ఉన్నవి. ప్రార్థన అయిన తరువాత పుస్తకము గుమ్మము ప్రక్క బల్లమీద ఉంటుంది, కలము దానికే దారముతో కట్టినాను.